టోస్టు వేళ

మా వార్డులో పొద్దున్నే రొట్టె మాడిన వాసన వస్తుంది. వార్డు వంటగదిలో ఉన్న టోస్టర్ పాతది. దాన్ని మార్చమని అడగనివాళ్ళు లేరు, మార్చినవాళ్ళూ లేరు. ఆ వాసన కారిడార్‌లోకి రాగానే నేను చేతిలో ఉన్న కాగితాలన్నీ బల్ల మీద పడేసి, వెళ్ళి వార్డు గుమ్మంలో నిలబడతాను. నా వెనక జూనియర్ డాక్టర్లు నిలబడతారు. వాళ్ళ అనుమానం నా వీపుకు తెలుస్తూనే ఉంటుంది. ముసలివాళ్ళు రొట్టె తింటుంటే చూడడానికి ఇంత పొద్దున్నే రప్పించడమేమిటి, ఈవిడకేమైనా పిచ్చా, లేక దీని వెనక ఇంకేదైనా ఉందా అని. ఆ చూపు నాకు కొత్త కాదు. వేల్స్‌లోని కార్డిఫ్‌లో ఇలాంటిదే ఒక వార్డు గుమ్మంలో, డాక్టర్ శేషారత్నం గారి వెనక నిలబడి, అచ్చం ఇదే చూపు నెలల తరబడి చూసినదాన్ని నేను.

ఆవిడ మీలో ఎవరికీ తెలిసే అవకాశం లేదు. పేపర్లో ఆవిడ ఫోటో ఎప్పుడూ పడలేదు, ఏ సభలోనూ ఎవరూ శాలువా కప్పలేదు. కడప నుంచి చిన్న వయసులోనే వచ్చి, ఉద్యోగమంతా ముసలివాళ్ళ వార్డుల్లోనే చేసి, రిటైరై, పోయిన చలికాలంలో గుండె ఆగి పోయారు. పొట్టి మనిషి. ఊదారంగు స్వెట్టరు, దాని జేబులో ఎప్పుడూ ఒక టార్చిలైటు. మెడలో స్టెతస్కోపు వేసుకోగా నేను చూడలేదు; అవసరమైతే మా మెడలోది లాక్కునేవారు. 'నేను నమ్మను' అన్నది ఆవిడ ఊతపదం. టీవీలో వాన రాదని చెప్పినా నమ్మరు, స్కాన్ రిపోర్టు బాగుందన్నా నమ్మరు, ఎవరైనా పొగిడితే అసలే నమ్మరు. ఇంత అనుమానపు మనిషి దగ్గర పడ్డానేమిటిరా దేవుడా అనుకున్నాను మొదట్లో. నేనేం తక్కువ తిన్నానా? ఆవిడ లోకాన్నంతా అనుమానిస్తే, నేను ఆవిడ ఒక్కరినే అనుమానించాను. అంతే తేడా.

నేను అక్కడ చేరింది 2011లో. గుంటూరులో మెడిసిన్ చదివి, ఇక్కడి పరీక్షలు రాసి, గుండె డాక్టర్ని కావాలని వచ్చాను. మా ఆయన రవికి లండన్ పక్కనున్న వాట్‌ఫర్డ్‌లో ఆఫీసు ఉద్యోగం. ఆయన అక్కడ ఒక చిన్న ఫ్లాట్‌లో, నేను కార్డిఫ్‌లో ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన గదిలో. మా లెక్క సులువైనదే. ఎక్కడో ఒక వార్డులో ఏడాది పనిచేయడం, లండన్ వైపు కార్డియాలజీ ట్రెయినింగ్‌కి దరఖాస్తు పెట్టడం, సీటు రాగానే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయి ఒక ఇంట్లో కాపురం చేయడం. ఆ ఏడాదికి ఖాళీగా దొరికింది వృద్ధుల వార్డు. నాకది రైలు మారే స్టేషన్లో వెయిటింగ్ రూమ్ లాంటిది. వెయిటింగ్ రూమ్‌లో గోడలు ఏ రంగులో ఉన్నాయో ఎవరు చూస్తారు?

మొదటిరోజు పొద్దున శాండ్‌విచ్ ఒకటి నములుతూ, నమలడమేమిటి, మింగుతూ కారిడార్‌లో పరుగులాంటి నడకతో వెళ్తున్నాను. వార్డు గుమ్మంలో నిలబడ్డ ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసి, నా బ్యాడ్జి మీద పేరు చదివి, గుడ్ మార్నింగ్ అయినా చెప్పకుండా తెలుగులో అడిగారు.

"ఎవరు తరుముతా ఉండారు పాపా నిన్ను?"

ఆలస్యమైనందుకు ఎత్తిపొడుపు అనుకుని, నిజానికి ఆలస్యమేమీ కాలేదు కనుక, నాకు ఒళ్ళు మండింది. సారీ మేడమ్ అన్నాను. ఆవిడ అదీ నమ్మినట్టు కనబడలేదు.

అప్పుడే మాడిన రొట్టె వాసన వచ్చింది. రోగుల ఫైళ్ళు చేతిలోకి తీసుకోబోతే వద్దన్నారు. ఫైలు చదివితే దాన్ని రాసినవాడి కళ్ళతో చూస్తావు, ముందు నీ కళ్ళతో చూడు అన్నారు. టిఫిన్లు పంచే ట్రాలీ ఒక్కొక్క మంచం దగ్గరా ఆగుతోంది. మేమిద్దరం గుమ్మంలో ఊరికే నిలబడ్డాం. కిటికీ పక్క మంచంలో ఎవాన్స్ అనే పెద్దాయన ఉన్నాడు. వేరే వార్డు నుంచి వచ్చాడు. మతి నిలకడ లేదు, భోజనం నిరాకరిస్తున్నాడు అని ఆయన గురించి నర్సులు చెప్పుకుంటున్నారు. ఆయన టోస్టు తీసుకుని మధ్యలోని మెత్తటి భాగం మాత్రం చప్పరించి, చుట్టూ ఉన్న గట్టి అంచును ప్లేటులో పెట్టేశాడు. శేషారత్నం గారు తిన్నగా వెళ్ళి, నమస్కారం లాంటిదేదో అక్కడి వెల్ష్ భాషలో చెప్పి, కుర్చీకి తగిలించి ఉన్న ఆయన డ్రెస్సింగ్ గౌను జేబులో చెయ్యి పెట్టారు. టిష్యూ కాగితంలో చుట్టిన కట్టుడు పళ్ళు బయటికి వచ్చాయి. కడిగి పెడితే, ఆయన అంచులు కూడా తినేసి ఇంకో రెండు ముక్కలు అడిగాడు.

గొప్ప సంగతేనని మీరు అనుకోవచ్చు. నేను అనుకోలేదు. ఇది నాకోసం ఏర్పాటు చేసిన నాటకమని నా గట్టి నమ్మకం. కొత్తగా వచ్చిన జూనియర్ని మొదటిరోజే లొంగదీసుకోవడానికి ముందే నర్సును అడిగి తెలుసుకుని ఉంటుందని, మధ్యాహ్నం మేగన్ అనే నర్సును మెల్లిగా కదిపి చూశాను. ఆ పళ్ళ సంగతి డాక్టర్ గారికి నువ్వే చెప్పావు కదూ అని. మేగన్ పకపకా నవ్వింది. నాకు తెలిస్తే నేనే పెట్టేదాన్ని కదా, లవ్లీ, అంది అక్కడివాళ్ళ ముద్దుపిలుపుతో. అయినా నాకు అనుమానం తీరలేదు. మేగన్ కూడా ఆవిడ మనిషే అయ్యుండొచ్చు కదా!

కొన్ని వారాలకు ఒక ఆదివారం శేషారత్నం గారు భోజనానికి రమ్మన్నారు. ఆవిడ ఒంటరిగా ఉండేవారు. భర్త పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. రాగి సంగటి, కోడి పులుసు చేసి పెట్టారు. ఆ సంగటి ముద్దను వేడి వేడిగా పులుసులో ముంచుకుని తింటుంటే ప్రాణం లేచి వచ్చింది. అయితే నాలుక సంతోషపడుతున్నా బుర్ర మాత్రం ఊరుకోలేదు. ఊరికే ఎవరైనా కోడి పులుసు పెడతారా? ఏదో అడుగుతుంది, చూస్తూ ఉండు, అని అది గొణుగుతూనే ఉంది. చేతులు కడుక్కుంటుండగా అడిగారు కూడా. వచ్చే శనాదివారాలు డ్యూటీల రోటాలో ఒక డాక్టర్ తక్కువయ్యారట, నేను చేస్తానా అని. ఆ వారం నేను వాట్‌ఫర్డ్ వెళ్ళాల్సింది. సరేననక ఏం చేస్తాను, పులుసింకా గొంతులోనే ఉంది. ఆ సాయంత్రం ఫోన్లో రవితో 'చూశావా, నేను చెప్పలేదా' అని గంటసేపు ఆడిపోసుకున్నాను. నా అనుమానం నిజమైనందుకు నాకు లోపల కొంచెం సంతోషంగా కూడా ఉంది.

ఆ మాటకొస్తే నా అనుమానానికి నీళ్ళు పోసి పెంచినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఉగాదికి అక్కడి తెలుగువాళ్ళంతా ఒక స్కూలు హాల్లో కలిశాం. అలాంటి చోట మన డాక్టర్లు ఎదురైతే పేరు తర్వాత వచ్చే మొదటి ప్రశ్న ఏ స్పెషాలిటీ అని. ఆ జవాబును బట్టి నవ్వు వెడల్పు మారుతుంది. గుండె అంటే ఒక నవ్వు, మెదడు అంటే ఇంకో నవ్వు, ఎముకలు అన్నా పర్వాలేదు. నేను వృద్ధుల వార్డు అంటే, 'ప్రస్తుతానికే కదమ్మా' అని నాకేదో జబ్బు చేసినట్టు ఓదార్చారు. అలా ఓదార్చినవారిలో ప్రసాద్ అంకుల్ ఒకరు. ఆయన గుండె డాక్టర్. పెద్ద ఇల్లు, పెద్ద కారు, హాల్లో ఆయన నడిస్తే పక్కకు జరిగి దారిచ్చేవాళ్ళు. పులిహోర గిన్నె దగ్గర నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించారు.

"శేషారత్నం దగ్గరా చేస్తున్నావు? జాగ్రత్తమ్మా. ఆవిడ కూడా ఒకప్పుడు కార్డియాలజీకి ట్రై చేసి, రాక అక్కడ పడింది. ఆవిడ దగ్గర చేరినవాళ్ళు పైకొచ్చారని నేనైతే వినలేదు."

ఆ రోజు తిన్న ఉగాది పచ్చడిలో నాకు చేదే తగిలింది. తనకు దక్కనిది ఇంకొకరికి దక్కకుండా చేసే మనుషులు ఉంటారని నాకు తెలుసు. నా దరఖాస్తుకు ఆవిడ సిఫారసు తప్పనిసరి. ఆవిడ ఒక్క చప్పటి మాట రాస్తే చాలు, నా ఏడాదీ పోతుంది, కాపురమూ పోతుంది. అప్పటినుంచీ ఆవిడ ఏం చేసినా దాన్ని వెనకవైపు తిప్పి చూడడం మొదలుపెట్టాను. మెచ్చుకుంటే నన్ను అక్కడే కట్టిపడేయడానికి. మందలిస్తే నా మనసు విరిచేయడానికి. ఏమీ అనకపోతే మరీ ప్రమాదం.

దరఖాస్తుల కాలం వచ్చింది. సిఫారసు అడగడానికి ఆవిడ గదికి వెళ్ళాను. ఆవిడ కిటికీ బయట వానను చూస్తూ, గుండె డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నావని అడిగారు. ఇంటర్వ్యూ కోసం బట్టీ పట్టిన జవాబు నా దగ్గర సిద్ధంగానే ఉంది. చిన్నప్పుడు మా తాతయ్యకు గుండెపోటు వచ్చినప్పుడు అని మొదలై, మానవసేవ మీదుగా, ఆధునిక పరిశోధన దాకా వెళ్ళే జవాబు. ఆవిడ పూర్తిగా విన్నారు. మా తాతయ్య ఏ గుండెపోటూ లేకుండా నిద్రలో పోయిన సంగతి ఆవిడకెలా తెలుసో నాకు తెలియదు.

"నేను నమ్మను," అన్నారు. "సరేలే. రాస్తాలే పో."

ఆ 'రాస్తాలే పో' అన్న మాటను నేను, రవి ఎన్ని రకాలుగా విప్పి చూశామో లెక్కలేదు. రాస్తుంది, కానీ ఏం రాస్తుంది? రవి తేల్చి చెప్పేశాడు. "ఆవిడ నిన్ను వదలదు సుధా. ఆవిడకు రోటా నిండాలి, అంతే." నాకూ అలాగే తోచింది. అడిగే ధైర్యం లేదు. ఏడుపొచ్చేది. వాట్‌ఫర్డ్‌లో కొన్న మంచానికి ఇంకా పరుపు కూడా వేయలేదు, నేను వచ్చాక కలిసి కొందామని.

సరిగ్గా ఆ రోజుల్లోనే రూతమ్మ గారు మా వార్డుకు వచ్చారు. నరసాపురం దగ్గరివారు. కూతురు సునీత కార్డిఫ్‌లో ముసలివాళ్ళను చూసుకునే ఒక కేర్ హోమ్‌లో పనిచేస్తుంది. కూతురి దగ్గర ఉందామని వచ్చిన పెద్దావిడకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, మాట కూడా పోయింది. మనం అన్నది అర్థమవుతుంది, జవాబు రాదు. దిండు పక్కన బైబిలు, దాని మీద కళ్ళజోడు. మింగడం బాగానే ఉందని పరీక్షించి చెప్పారు. అయినా తినరు. కుడి చెయ్యి పోయింది కాబట్టి ఎడమ చేత్తో తినడం అలవాటు చేయాలని, సాయం చేస్తే ఎప్పటికీ నేర్చుకోరని, వార్డువాళ్ళు ప్లేటు ఎడమవైపు పెట్టి, ఎడమ చేతిలో చెంచా పెట్టేవారు. ఆవిడ చెంచా పక్కన పెట్టి మొహం గోడవైపు తిప్పుకునేవారు. సునీత డ్యూటీ లేని సాయంత్రాల్లో వచ్చి ముద్దలు కలిపి పెడితే మాత్రం నాలుగు ముద్దలు తినేవారు. మా అమ్మకు గారాబం ఎక్కువండీ, నేను పెడితేనే తింటది అని ఆ అమ్మాయి సిగ్గుపడేది. మనిషి రోజురోజుకూ చిక్కిపోతున్నారు. దిగులు జబ్బని మందు మొదలుపెట్టారు. ముక్కులోంచి గొట్టం వేయాలన్న మాట కూడా వచ్చింది. ఆ గొట్టం కూడా పీకేసుకుంటే ఇక చేయగలిగేది లేదని ఒకరితో ఒకరు మెల్లిగా అనుకుంటున్నారు.

ఆ వారం శేషారత్నం గారు సెలవులో ఉన్నారు. ఆవిడ లేరు కాబట్టి టోస్టు వేళ గుమ్మంలో నిలబడే పని తప్పిందని నేను హాయిగా కూర్చోవచ్చు. కానీ వాసన రాగానే కాళ్ళు వాటంతటవే వెళ్ళాయి. నన్ను నేను తిట్టుకుంటూ నిలబడ్డాను. ట్రాలీ అటు చివరనుంచి మంచం మంచానికీ జరుగుతూ వస్తోంది. రూతమ్మ గారు దాన్ని చూశారు. అది ఇంకా ఇద్దరి అవతల ఉండగానే, దుప్పటి మీద ఉన్న ఎడమ చేతిని మెల్లిగా దుప్పటి కిందికి లాక్కున్నారు. ట్రాలీ వెళ్ళిపోయాక మళ్ళీ బయటికి తీశారు. అంతే.

అప్పుడు నాకు వెలిగింది. తిండి వద్దని కాదు. ఆ చేత్తో వద్దు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఏ చేత్తో అన్నం ముట్టకూడదని తెలుసో, ఆ చేతిలోనే ఇంతమంది ప్రేమగా, పట్టుదలగా చెంచా పెడుతున్నారు. వద్దని చెప్పడానికి మాట లేదు. అందుకని చేతిని దాచేసుకుంటున్నారు. నేను చిన్నప్పుడు ఎడమ చేత్తో మిఠాయి అందుకుంటే మా నాయనమ్మ చెయ్యి మీద ఒక్కటేసేది. ఆ నాయనమ్మ మనవరాలిని ఇన్ని రోజులు ఆ మంచం పక్కనుంచే నడిచి వెళ్ళాను.

వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఎడమ చేత్తో తినడం ఇష్టం లేదా అమ్మా అని అడిగాను. ఆవిడ నా మొహంలోకి చూశారు. కళ్ళు నిండిపోయాయి. గంజిలా చేసిన ఓట్స్ గిన్నె దగ్గరికి లాక్కుని, పడిపోయిన కుడి చేతిని ఎత్తి, ఆ పిడికిట్లో చెంచా పెట్టి, దాని చుట్టూ నా చెయ్యి వేసి, రెండు చేతులూ కలిపి నోటిదాకా తీసుకెళ్ళాను. ఆవిడ నోరు తెరిచారు. గిన్నె ఖాళీ అయ్యేదాకా తెరుస్తూనే ఉన్నారు. మేగన్ వెనక నిలబడి ముక్కు ఎగపీలుస్తోంది. నేను మాత్రం ఏడవలేదు. నాకు ఆకలేసినట్టుగా ఉంది, ఇంకా చూడాలని, ఈ వార్డులో ఇంకెవరు ఏ చెయ్యి దాచుకుంటున్నారో అందర్నీ మళ్ళీ మొదటినుంచీ చూడాలని. చదువుకున్న ఇన్నేళ్ళలో ఏ పుస్తకం తెరిచినప్పుడూ అలా అనిపించలేదు.

ఆ సంతోషం నాలుగు రోజులుందో లేదో, పాత బుద్ధి లేచింది. శేషారత్నం గారు కడప మనిషి. ఆవిడకు ఎడమ చెయ్యి సంగతి తట్టకుండా ఉంటుందా? తట్టే ఉంటుంది. నన్ను ఈ వార్డుకు అంటించేయడానికే ఇది నాకు వదిలేసి సెలవు పెట్టిందా? ఆవిడ తిరిగి రాగానే జరిగింది చెప్పి, అడిగేశాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"నాకు తట్టలేదు పాపా," అన్నారు. "ఇన్నేండ్లుగా ఫోర్కు ఎడమ చేత పట్టుకుని తింటా ఉండా. మర్చిపోయినా."

వెంటనే లేచి రూతమ్మ గారి దగ్గరికి వెళ్ళి, ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. అది కూడా చూశాను. అయినా, నిజం చెప్తున్నాను, పూర్తిగా నమ్మలేదు.

తర్వాత ఇంటర్వ్యూ జరిగింది. నాకు సీటు వచ్చింది. లండన్‌లో, కార్డియాలజీలో. ఇంటర్వ్యూ చేసినవాళ్ళలో ఒకాయన, మీ కన్సల్టెంట్ మీ గురించి ఇంత బాగా రాశారు, ఆవిడ మిమ్మల్ని వదులుకోవడం ఆశ్చర్యంగా ఉంది అన్నాడు. ప్రసాద్ అంకుల్ ఫోన్ చేసి అభినందించారు. గుంటూరులో మా అమ్మ వీధంతా మిఠాయి పంచింది. వాట్‌ఫర్డ్ మంచానికి పరుపు వచ్చింది. నేను అనుమానించినవాటిలో ఒక్కటీ జరగలేదు. సంతోషంగా ఉండాలి కదా. పెట్టె సర్దుకుంటుంటే ఏదో దొంగతనం చేసి వెళ్తున్నట్టు ఉంది.

కొత్త పని గొప్పదే, కాదనను. నల్లటి తెర మీద మూసుకుపోయిన రక్తనాళం తెరుచుకోవడం కళ్ళారా చూశాను. గుండెపోటుతో వచ్చిన మనిషి మర్నాడు టీ తాగుతూ పేపరు చదవడం చూశాను. ఆ పని చేసేవాళ్ళంటే నాకిప్పటికీ గౌరవం. కాకపోతే ఆ చేతులు నావి కావేమో అన్న అనుమానం మొదలైంది. పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళి, టిఫిన్ల వేళకు వార్డులో నిలబడేదాన్ని. ఇక్కడ నీకేం పని, ల్యాబ్‌కి రా అని తోటివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఉగాదికో దీపావళికో తెలుగువాళ్ళలో కలిసినప్పుడు కార్డియాలజీ అని చెప్పగానే ఎదుటివాళ్ళ నవ్వు వెడల్పు కావడం చూసేదాన్ని. ఆ నవ్వు కోసమేనా ఇదంతా అని లోపలినుంచి ఒక గొంతు అడిగేది. అది కడప యాసలో అడిగేది. నేను కావాలనుకున్నది దొరికింది, దొరికినదాన్ని నేనే నమ్మలేకపోతున్నాను. రవికి చెప్తే తల పట్టుకున్నాడు. తర్వాత ఒకనాడు వంటింట్లో గిన్నెలు తోముతూ, నువ్వు ఆ రూతమ్మ గారి గురించి చెప్పినట్టు ఇక్కడి సంగతి ఒక్కటి కూడా ఎప్పుడూ చెప్పలేదు అన్నాడు.

ఆ శనివారం శేషారత్నం గారికి ఫోన్ చేశాను. మారిపోదామనుకుంటున్నానని చెప్పాను. ఆవిడ ఎగిరి గంతేస్తారనుకున్నాను. హుం అన్నారు. నాకు కోపం వచ్చింది. నాకు ఇది సరిపడదని తెలిసే ఉంటుంది కదా, అంత బాగా ఎందుకు రాశారు, ఒక్క మాట చెప్పి ఎందుకు ఆపలేదు అని నిలదీశాను.

"ఆపింటే బతికినన్నాళ్ళూ నన్ను తిట్టుకుంటా ఉంటివి," అన్నారు. "ఆ గొడవ నాకెందుకు? అయినా నువ్వు పోయినాక నా రోటాలో ఎంత తిప్పలు పడినానో నీకేం తెలుసు."

రోటా సంగతి నిజమేనన్నమాట. రవి పూర్తిగా తప్పు చెప్పలేదు.

సీటు వదులుకున్నాను. వదులుకుని వృద్ధుల వైద్యంలో మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాను. అమ్మ ఫోన్లో ఏడ్చింది. ప్రసాద్ అంకుల్ ఫోన్ చేయడం మానేశారు. శేషారత్నమే నా బుర్ర చెడగొట్టిందని తెలుగువాళ్ళ హాల్లో చెప్పుకున్నారట. చెప్పుకోనీ. ఇంటికి దగ్గర్లోనే ఉద్యోగం దొరికింది.

చివరిసారి ఆవిడను చూసింది 2017లో. రిటైరై, అదే ఇంట్లో ఉన్నారు. పొద్దున్నే బండి దిగి వెళ్ళాను. వంటింట్లో టోస్టు మాడ్చి పెట్టారు. మాడ్చకుండా చేయడం రాదేమో ఆవిడకు. ఇద్దరం బల్ల దగ్గర కూర్చున్నాం. ఆవిడ కుడి చేత్తో వెన్న రాస్తున్నారు. ప్లేటు జారుతోంది. ఎడమ చెయ్యి వచ్చి పట్టుకోవడం లేదు. కత్తి మెల్లిగా, మరీ మెల్లిగా కదులుతోంది. నేను చూపు తిప్పుకోబోయాను, తిరగలేదు. బల్ల అంచు కింద, ఒళ్ళో ఉన్న ఆ ఎడమ చేతి బొటనవేలు పక్క వేలి మీద అదే పనిగా ఆడుతోంది. చేతిలో ఉన్న రొట్టె ప్లేటులో పెట్టేశాను.

"ఏం చూస్తా ఉండావు?" అన్నారు తలెత్తకుండా.

"ఏం లేదు మేడమ్."

"నేను నమ్మను. చెప్పు."

చెప్పాను. రోగికి చెప్పినట్టే, దగ్గరగా జరిగి, ఆవిడ నేర్పినట్టే, దాచకుండా చెప్పాను. చెయ్యి బల్ల కింద పెట్టుకున్నారని, వణుకుతోందని, నడక కూడా తలుపు తీసినప్పుడే చూశానని, నాకున్న అనుమానం నరాలకు వచ్చే వణుకుడు జబ్బని. ఆవిడ చేతిని పైకి తీసి బల్ల మీద పెట్టి, అది మాటవినని పిల్లైనట్టు చూశారు. అది అక్కడ కూడా వణుకుతూనే ఉంది.

"రూతమ్మ మాదిరే దాచుకుంటా ఉండానా?" అన్నారు. ఆ పేరు గుర్తుంది ఆవిడకు. "ఆర్నెల్ల నుంచి చలికేమో అనుకుంటా ఉండా, చూడు."

ఆ పొద్దున, అన్నేళ్ళ తర్వాత, నా చివరి అనుమానం తీరింది. తన చేతినే తాను చూడలేకపోయిన మనిషి, రూతమ్మ గారి చెయ్యి తనకు తట్టలేదని ఆనాడు చెప్పింది నిజం. ఆవిడ నాకోసం ఏ నాటకమూ ఆడలేదు. రూతమ్మ గారి చేతిని నేను చూశాను, అంతే. ఆ చూసింది నా చూపే. నాకు ఏడుపాగలేదు. ఆవిడ నా ప్లేటు నా ముందుకు తోసి, చల్లారిపోతాది, తిను అన్నారు. తిన్నాను. ఆవిడ తినడం ఆపి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, నేను తినడం చూశారు. వార్డు గుమ్మంలో నిలబడి చూసినట్టే, చివరి ముక్క దాకా.

"ఎవరూ తరమడం లేదు ఇప్పుడు నిన్ను," అన్నారు.

నాకు ఆ మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. మొదటిరోజు నా చేతిలో శాండ్‌విచ్ గుర్తొచ్చింది. ఆరోజు నేను ఎత్తిపొడుపు అనుకున్న ప్రశ్నకు, ఆవిడే జవాబు కూడా చూసి చెప్పారు. నాకు డిగ్రీలు ఇచ్చినవాళ్ళను, సీటు ఇచ్చినవాళ్ళను, అభినందించినవాళ్ళను అందర్నీ ఎప్పుడో ఒకప్పుడు అనుమానించాను. ఆవిడ చెప్పిన ఆ ఒక్క మాటను మాత్రం ఎటూ తిప్పి చూడలేదు.

ఇప్పుడు గుమ్మంలో నేను నిలబడి ఉన్నాను. ట్రాలీ కదిలింది. వెనక నిలబడ్డ కొత్త డాక్టరమ్మాయి బిస్కెట్ ఒకటి గబగబా నోట్లో కుక్కుకుంటోంది, నాకు చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఎవరు తరుముతున్నారమ్మా నిన్ను అని అడగాలని నోటిదాకా వచ్చింది. ఎత్తిపొడుపు అనుకుంటుంది. అనుకోనీ. వెనక్కి తిరిగి అడిగేశాను.